ఊపిరి తీసుకోని ప్రార్థన

ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది మధ్యాహ్నం అన్నం దగ్గర. మదనపల్లెలో నేను పనిచేసే ఆసుపత్రి వెనక వరండాలో కూర్చుని డబ్బా మూత తీశాను. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి. సంగటిని మా వైపు నమలరు. ముద్ద చేసి, ఊరిబిండిలో అద్ది, మింగుతారు. బుద్ధెరిగినప్పటి నుంచి నేను అలాగే మింగాను. ఆ రోజు ముద్ద గొంతులోకి దిగి అక్కడే ఆగిపోయింది. నీళ్లు తాగితే నీళ్లు కూడా దాని మీదే నిలబడ్డాయి. కాసేపటికి జారింది కానీ, ఎవరో లోపల తలుపు సగం మూసి పట్టుకున్నట్టు ఆ భావన మిగిలిపోయింది.

నా పేరు కరుణమ్మ. నేను బైబిల్ ఉమన్‌ని. వార్డులో మంచం మంచానికీ వెళ్లి, పక్కన కూర్చుని, రోగి చెప్పింది వినడం, వద్దనకపోతే వాక్యం చదవడం, అడిగితే ప్రార్థన చేయడం నా పని. రోగులు నన్ను బైబిలమ్మ అంటారు. మా అవ్వ పెద్దతిప్పసముద్రం దగ్గర కూలికి కలుపు తీసిన మనిషి. ఆమెకు అక్షరాలు నేర్పింది కూడా ఒక బైబిలమ్మే. ఆ ఋణం తీరుద్దామనే నేను ఈ పనిలోకి వచ్చాను.

నా ప్రార్థన అంత సాఫీగా ఉండేది కాదు. చిన్నప్పటి నుంచి నాకు రక్తం తక్కువ. నాలుగు మాటలు అనేసరికి ఆయాసం వచ్చేది. ఆగి, పెద్దగా ఊపిరి పీల్చి, మళ్లీ అందుకునేదాన్ని. పుంగనూరు నుంచి రెడ్డెమ్మ అని పాలు పోసే ఆమె తుంటి ఎముక విరిగి మా వార్డులో చాలా రోజులు ఉంది. ఆమె మా సంఘం మనిషి కాదు. ఇంట్లో గంగమ్మను కొలిచే మనిషి. అయినా నన్ను వదిలేది కాదు.

"మీ దేవుడు నాకంతగా తెలీదు బైబిలమ్మా. నువ్వు తెలుసు. నువ్వడిగితే ఇస్తాడేమో, అడుగు" అనేది.

నేను ప్రార్థన మధ్యలో ఆయాసపడితే ఒక కన్ను తెరిచి చూసేది. "నిదానంగా ఊపిరి తీసుకో తల్లీ. దేవుడు అంతలో యాడికీ పోడులే."

పక్క మంచాలవాళ్లు నవ్వేవాళ్లు. ప్రార్థనలో నాకూ నవ్వొచ్చేది.

సంగటి ఆగిన తరువాత చాలా వారాలు నేను ఎవరికీ చెప్పలేదు. గంజి, పాలల్లో నానబెట్టిన రొట్టె, మెత్తటి అన్నం, ఇవే తిన్నాను. క్లినిక్‌లో చూపించుకుంటే గ్యాస్ అన్నారు. రక్తపరీక్ష చేసి "హెచ్‌బీ చాలా తక్కువుందమ్మా" అని ఐరన్ మాత్రలు ఇచ్చారు. తరువాత గొంతు బొంగురుపోయింది. చర్చి స్త్రీల సమాజంలో ఒకరు మిరియాల పాలు, ఒకరు కలకండ చెప్పారు. "నువ్వు మరీ ఎక్కువ ప్రార్థన చేస్తాండావక్కా, దేవునికి కూడా కొంచెం రెస్టియ్యి" అని ఒకామె నవ్వింది.

నవ్వనిది నా భర్త దేవదానం ఒక్కడే. ఆయన పాల వ్యాను నడిపి మానేసిన మనిషి. "ఏమే, పండ్లు ఊడిపోయినాయా నీకు? పొద్దస్తమానమూ గంజే తాగుతాండావు. పద, గొంతు డాక్టరు దగ్గరికి" అని తీసుకెళ్లాడు.

ఈఎన్‌టీ డాక్టరమ్మ ముక్కులోనుంచి సన్నటి కెమెరా దించి చూసింది. చూస్తూ చూస్తూ మాట్లాడడం మానేసింది. నేను ఎన్నో మంచాల దగ్గర కూర్చున్నదాన్ని. డాక్టర్లు మాట్లాడడం మానేస్తే ఏమిటో నాకు తెలుసు. "క్రికాయిడ్ వెనక, అంటే గొంతు పెట్టె వెనక, ఒక గ్రోత్ ఉండాదమ్మా. బయాప్సీ తీయాల" అంది. తరువాత స్కాన్ తీశారు. రిపోర్టులో స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది, అంటే క్యాన్సరే. బీడీ, పొగాకు, ఆకువక్క ఏమన్నా అలవాటుందా అని అడిగింది. ఏదీ లేదన్నాను. "ఏళ్ల తరబడి రక్తం తక్కువగా ఉండే ఆడవాళ్లలో కూడా ఇది వస్తాది" అంది. నేను ఊరికే ఆయాసం అనుకున్నది అంత దూరం నడిచింది.

ఆపరేషన్ కోసం కుప్పం వెళ్లాము. అక్కడి సర్జన్ తక్కువ మాట్లాడే మనిషి. తెలుగులో తమిళ యాస ఉండేది. కాగితం మీద తల, మెడ గీసి చూపించాడు.

"వాయిస్ బాక్స్ మొత్తం తీసేయాలి. టోటల్ లారింజెక్టమీ. దాని వెనక ఆహారం పోయే దారి కూడా కొంత."

"గొంతు మిగలదా డాక్టర్?" అని దేవదానం అడిగాడు.

"మిగులుతుందంటే అబద్ధం చెప్పినవాణ్ణి అవుతాను. మనిషి మిగలడానికి ఛాన్స్ ఉంది." ఆయన పెన్నుతో మెడ కింద ఒక రంధ్రం గీశాడు. "దీన్ని స్టోమా అంటాము. ఇకమీద ముక్కుతో ఊపిరి ఉండదు. అంతా ఇందులోనుంచే."

గొంతు పోతుందన్న మాట కంటే ఈ రెండో మాట నన్ను ఎక్కువ భయపెట్టింది. మట్టితో చేసిన మనిషి ముక్కురంధ్రాల్లో దేవుడు ఊపిరి ఊదాడనీ, అప్పుడే ఆ మట్టి ప్రాణి అయిందనీ నేను ఎన్ని మంచాల దగ్గర చదివానో లెక్క లేదు. ఆ దారి మూసేస్తే మిగిలేది ఏమిటి? ఈ ప్రశ్న పాస్టరు గారిని అడగడానికి సిగ్గేసింది. అడగకుండానే సంతకం పెట్టాను.

గొంతుతో నేను అనే చివరి మాట ప్రార్థన కావాలనుకున్నాను. పొద్దున్నే లేచి మనసులో కూర్చుకున్నాను కూడా. ఈలోపు స్ట్రెచర్ వచ్చింది, ఇద్దరు ఎక్కించారు, తలుపు దాకా తోసుకుపోయారు. దేవదానం ఏడుస్తూ వెనక పరిగెత్తి వస్తున్నాడు. "నా చెప్పులు మంచం కింద ఉండాయి, పోగొట్టొద్దప్పా" అన్నాను. తలుపు మూసుకుంది. నా గొంతుతో నేను లోకానికి చెప్పిన ఆఖరి మాట అదే.

తెలివి వచ్చేసరికి మెడలో గొట్టం, ముక్కులో ఆహారం పోసే రైల్స్ ట్యూబ్, రెండు పక్కలా రక్తం, నీరు లాగే డ్రెయిన్లు. ఊపిరి ఆడుతోంది, కానీ నాకు తెలిసిన చోట కాదు. వాసన లేదు. ఉఫ్ అని ఊదడానికి లేదు. దగ్గితే మెడలోనుంచి వచ్చేది. కఫం లాగే సక్షన్ గొట్టం పెట్టిన ప్రతిసారీ లోపల ఎవరో ఊడ్చినట్టుండేది.

వార్డుకు మార్చిన రోజు మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాను. దేవదానానికి ఏమి అనుమానం వచ్చిందో, నా ముక్కు కింద వేలు పెట్టి చూశాడు. మా ఇళ్లల్లో మనిషి ఉన్నాడా పోయాడా అని అందరూ చూసేది అక్కడే కదా. గాలి తగల్లేదు. "అమ్మా, సిస్టరమ్మా! నా పెండ్లాం పోయింది!" అని వార్డంతా వినిపించేలా కేక పెట్టాడు. నేను ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. నర్సు పరిగెత్తుకొచ్చి, నన్ను చూసి, ఆయన చెయ్యి పట్టుకుని నా మెడ దగ్గర పెట్టింది. "ఆడ కాదు తాతా, ఈడ సూడాల." ఆయన అరచేతికి వెచ్చటి గాలి తగిలింది. చెయ్యి తీయకుండా అలాగే నిలబడి ఏడ్చాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, శబ్దం లేకుండా. కానీ ఆ క్షణం నాలో ఉండిపోయింది. నా ముక్కు దగ్గర చూస్తే నేను చనిపోయిన మనిషినే.

ఒక వారం బాగుంది. తరువాత మెడ కుట్టు దగ్గర తడి కనబడింది. "ఫిస్టులా అయ్యింది, లోపలి నుంచి ఉమ్మి లీక్ అవుతోంది" అన్నారు. జ్వరం వచ్చింది. నోటితో చుక్క నీరు తాగకూడదన్నారు. రోజూ కట్టు మార్చేవారు. మూసుకోవడానికి చాలా కాలం పట్టింది. పలక మీద రాసి మాట్లాడేదాన్ని. రాయడం సగం కాకముందే చూసేవాళ్లు మిగతాది ఊహించి చెప్పేసేవారు. ఊహ తప్పైనా తల ఊపేదాన్ని. అంత ఓపిక ఉండేది కాదు.

తరువాత రేడియేషన్. మెడ కదలకుండా ఉండడానికి వేడి నీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడను ముఖం మీద పరిచి నొక్కారు. ఆరిన తరువాత తీస్తే నా ముఖమే. నా దవడ, నా ముక్కు, నా కనుబొమ్మల ఎత్తు. మెడ దగ్గర స్టోమా కోసం ఒక గుండ్రటి కోత. ఆ గదిలో గోడకు ఒక అర ఉంది. అందులో వరసగా ముఖాలు. ప్రతి ముఖానికీ ఒక పేరు చీటీ. రోజూ లోపలికి వెళ్లగానే నా ముఖం అక్కడినుంచి నన్ను చూసేది. కొన్ని ముఖాలు మధ్యలో కనబడడం మానేశాయి. ఎందుకని నేను రాసి అడగలేదు. "కోర్సు అయిపోతే మీ ఫేస్ మీరు తీసుకుపోవచ్చమ్మా" అన్నాడు టెక్నీషియన్. నేను తీసుకోలేదు. ఇప్పుడు అది ఎక్కడుందో తెలియదు.

నోటి పుండ్లు తగ్గాక స్పీచ్ థెరపిస్టు ఒక యంత్రం ఇచ్చింది. టార్చి లైటు అంత ఉంటుంది. పేరు ఎలక్ట్రోలారింక్స్. గడ్డం కింద పెట్టి మీట నొక్కితే జుయ్యిమని మోగుతుంది. పెదాలు, నాలుక ఆడిస్తే ఆ మోత మాటవుతుంది. "ఊపిరి బలంగా వదలొద్దమ్మా. స్టోమాలోనుంచి బుస్సుమని వస్తే మాట వినబడదు" అని నేర్పింది. నేను మొదట అన్న మాట యేసయ్య పేరు. నా చెవికి అది బావి దగ్గర మోటారు అన్నట్టు వినిపించింది. ఎత్తూ పల్లమూ లేదు. ఏడుపు, నవ్వు, ఆడ, మగ ఏమీ లేదు.

మా చెల్లెలు రూతమ్మది పుంగనూరు. కోలుకునే వరకు ఆమె ఇంట్లో ఉన్నాను. వాళ్ల సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టి నన్ను ముందుకు పిలిచారు. నేను యంత్రం గడ్డం కింద పెట్టి "దేవునికి స్తోత్రం" అన్నాను. ముందు వరసలో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. వెనక ఒకరిద్దరు లేచి బయటికి వెళ్లారు. కూడిక అయ్యాక ఒక పెద్దాయన, మంచి మనిషే, నా దగ్గరికి వచ్చాడు.

"తప్పుగా అనుకోవద్దమ్మా. ప్రకటన గ్రంథంలో, కడవరి దినాల్లో మృగానికి ప్రతిమ చేస్తారనీ, దానికి ఊపిరి పోసి మాట్లాడిస్తారనీ ఉండాదే. ఈ శబ్దం వింటే నాకదే జ్ఞాపకమొచ్చె. పిల్లోళ్లు బెదురుకుంటాండారు. కొన్నాళ్లు మౌనంగా ఉండరాదా?"

నాకు వాక్యం తెలుసు కాబట్టి అది ఇంకా లోతుగా దిగింది. యంత్రాన్ని పెట్టెలో పెట్టి బీరువాలో పెట్టేశాను.

రూతమ్మ కూతురు షారోన్ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆ వారమే ఇంటికి వచ్చింది. జబ్బుకు ముందు ఏళ్ల తరబడి నేను పొద్దున్నే స్త్రీల సమాజం వాట్సాప్ గుంపులో ఒక వాక్యం, ఒక ప్రార్థన రికార్డు చేసి పెట్టేదాన్ని. ఆ పిల్ల అవన్నీ ఏరి నా గొంతును కంప్యూటర్‌కు నేర్పించింది. నా ఫోన్‌లో ఒక యాప్ పెట్టి, "ఏమన్నా టైప్ చెయ్యి పెద్దమ్మా" అంది.

"షారోన్, అన్నం తిన్నావా?" అని రాశాను.

ఫోన్‌లోనుంచి నేను మాట్లాడాను. నా గొంతే. నా అక్కర, నా ముద్దు, అన్నీ అందులో ఉన్నాయి. రూతమ్మ చేతిలో గంటె కింద పడింది. దేవదానం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బ్యాక్‌గ్రౌండ్ శబ్దం అంతా తీసేసినాను పెద్దమ్మా. నువ్వు మధ్యమధ్యలో ఆయాసపడతావు కదా, ఆ ఊపిరి శబ్దాలు కూడా తీసేసినాను. ఇప్పుడు క్లీన్‌గా ఉండాది" అంది షారోన్ సంతోషంగా. ఆ పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టుకున్నాను. నిజంగా సంతోషించాను. నా స్థానం నాకు తిరిగి వచ్చిందనుకున్నాను.

మళ్లీ పొద్దున్నే గుంపులో నా గొంతు మొదలయింది. మాటలు నావే, రాసేది నేనే. "అక్క గొంతు మునుపటికంటే బాగుండాది" అని రాశారు. కూడికలో ఫోన్ మైకుకు ఆనించి వినిపిస్తే ఎవరూ బెదరలేదు. ఆ పెద్దాయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. యంత్రం మనిషిలా మాట్లాడితే ఆయనకు ప్రతిమ గుర్తు రాలేదు. మనిషి యంత్రంలా మాట్లాడితే గుర్తొచ్చింది. నాకు అప్పుడే కొంచెం చలిగా అనిపించింది. కానీ ఆ ఆలోచనను ఎక్కువ సేపు ఉండనివ్వలేదు.

కొన్ని నెలలకు మళ్లీ మింగడం కష్టమయింది. జబ్బు తిరిగొచ్చిందనే అనుకున్నాము. కుప్పంలో చేర్చారు. మళ్లీ బయాప్సీ. రిపోర్టు వచ్చే వరకు దేవదానం, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చివరికి సర్జన్ వచ్చి, "రికరెన్స్ కాదు. రేడియేషన్ వల్ల దారి బిగుసుకుంది, స్ట్రిక్చర్. డైలటేషన్ చేసి వెడల్పు చేస్తాము" అన్నాడు. ఆ రోజుల్లోనే ఒక ఉదయం స్టోమాలో ఎండిన కఫం గట్టిగా అడ్డుపడింది. ఊపిరి పోలేదు, రాలేదు. అరవడానికి గొంతు లేదు. మంచం కమ్మీని పళ్లెంతో కొట్టాను. నర్సు వచ్చి పట్టకారుతో దాన్ని లాగేసింది. గాలి లోపలికి దూకింది. కాసేపు ఆలస్యమై ఉంటే ఈ మాటలు రాసేదాన్ని కాదు.

ఆ దినాల్లో నా ఫోన్ రూతమ్మ దగ్గరే పుంగనూరులో ఉంది.

తిరిగి వచ్చిన తరువాత ఒక మధ్యాహ్నం రెడ్డెమ్మ కొడుకు మునిరాజ రూతమ్మ ఇంటికి వచ్చాడు. తల గొరిగించుకుని ఉన్నాడు. నాకు అర్థమయింది.

"అమ్మ పోయిందమ్మా. రొమ్ములో నెమ్ము చేరి, ఈడే ఆస్పత్రిలో. నీకు థాంక్స్ సెప్పి పోదామని వచ్చినాను" అని నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నేను మెసేజ్ పెట్టిన కాసేపటికే పంపిస్తివి. అంత జబ్బులో ఉండి కూడా. మా యమ్మ ఆఖరుగా ఇన్నది నీ ప్రార్థనేనమ్మా."

ఏ ప్రార్థన అని అడగడానికి పలక కోసం చూశాను. అంతలో అతనే ఫోన్ తీసి వినిపించాడు.

"తండ్రీ, రెడ్డెమ్మను నీ చేతుల్లో పెడుతున్నాను. ఆమె నొప్పి నీకు తెలుసు. రెడ్డెమ్మా, భయపడొద్దు తల్లీ. నేను నీ పక్కనే కూర్చున్నాను. నీ చెయ్యి పట్టుకున్నాను..."

చాలాసేపు సాగింది. నా గొంతు, నా మాటల తీరు, నా ఆమేన్. ఎక్కడా ఆగలేదు. నేను ఆ ప్రార్థన చేయలేదు. రెడ్డెమ్మకు బాగలేదని కూడా నాకు తెలియదు. నేను ఆమె పక్కన లేను. ఆమె చెయ్యి పట్టుకోలేదు.

గడప దగ్గర రూతమ్మ నిలబడి ఉంది. ఆమె ముఖం చూడగానే తెలిసింది.

మునిరాజ వెళ్లాక నేను పలక మీద ఒక్కటే రాశాను: ఎందుకు?

"నువ్వు ఉంటే ఏమంటావో అదే రాసినానక్కా" అంది ఏడుస్తూ. "నీ ప్రార్థనలు పుట్టినప్పటి నుంచి ఇంటాండాను. ఆ పిల్లోడు అట్ల బతిమాలి పంపిస్తే నేనేం సేసేది? నువ్వేమో ఆస్పత్రిలో ఉంటివి. నీ పేరుతో ఆమెకు శాంతి దొరికింటే తప్పా?"

తప్పు అని రాయడానికి చెయ్యి రాలేదు. తప్పు కాదని రాయడానికీ రాలేదు. "మీ దేవుడు నాకు తెలీదు, నువ్వు తెలుసు" అన్న మనిషి ఆమె. ఆమెకు ఆ ప్రార్థనలో నమ్మకం ఉన్నది నా మీద. అందులో లేనిది నేనే.

ఇంకో మాట చెప్పాలి. మా విశ్వాసంలో చనిపోయినవారి కోసం ప్రార్థన చేయము. మనిషి ఊపిరి ఉన్నంత వరకే అది. ఎవరికైనా ప్రార్థన చేస్తానని మాట ఇచ్చి మరిచిపోతే, మరుసటి రోజు మోకరించి చేసి ఆ మాట నిలబెట్టుకునే అలవాటు నాది. రెడ్డెమ్మ విషయంలో ఆ దారి లేదు. నా గొంతు ఇచ్చిన మాటను నేను ఎప్పటికీ నిలబెట్టలేను. మోకాళ్ల మీద కూర్చునేదాన్ని. ఆమె పేరు నోటి దాకా వచ్చి ఆగేది, ఆ రోజు సంగటి ముద్ద ఆగినట్టే. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నా నా చెవిలో నా గొంతు "నేను నీ పక్కనే కూర్చున్నాను" అంటూనే ఉండేది. అన్నం తింటున్నా అదే, మందు వేసుకుంటున్నా అదే.

చివరికి బీరువాలోనుంచి యంత్రం తీశాను. దేవదానం ఆశ్చర్యంగా చూశాడు. "యాడికే?"

గడ్డం కింద పెట్టి, "రెడ్డెమ్మ ఇంటికి" అన్నాను.

"ఆ పిల్లోడికి ఉన్న ఆదరణ కూడా పోగొడతావా?" అని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆటోలో పోతున్నంత సేపూ అదే ఆలోచించాను. చెప్పకపోతే అతను జీవితమంతా నాకు ఋణపడి ఉంటాడు, నేను చేయని పనికి. చెబితే తల్లి చివరి గడియ అతని చేతిలో పగిలిపోతుంది. ఏది ప్రేమో నాకు తెలియలేదు. అబద్ధం ఏదో మాత్రం తెలిసింది.

మునిరాజ కొట్టంలో ఆవులకు మేత వేస్తున్నాడు. పాల క్యాన్లు కడిగి బోర్లించి ఉన్నాయి. నేను యంత్రం నొక్కగానే దగ్గరున్న ఆవు చెవులు నిక్కించి నా వైపు తిరిగింది. ఒక్కొక్క మాటే చెప్పాను. నాకు గొంతు లేదు. ఇదే నా గొంతు. ఆ ప్రార్థన నేను చేయలేదు. ఫోన్‌లోని గొంతు చేసింది. మీ అమ్మకు బాగలేదని నాకు తెలియదు. నన్ను క్షమించు నాయనా. ఏడుపు వస్తుంటే స్టోమాలోనుంచి ఊపిరి బుస్సుబుస్సుమని వచ్చి సగం మాటలు మునిగిపోయాయి. థెరపిస్టు వద్దన్నది అదే. అతను తొందరపెట్టలేదు. చేతిలో గడ్డి పట్టుకుని నేను పూర్తి చేసే వరకు నిలబడ్డాడు.

తరువాత గడ్డి కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు.

"మా యమ్మకి తెలుసమ్మా."

నేను యంత్రం గడ్డం కింద నుంచి దించాను.

"నీకు సెప్పకూడదనుకుంటి. జరంలో ఏందో మాట్లాడతాండాదని అనుకుంటి నేను. ఫోను సెవి దగ్గర పెడితే సగం ఇని, ఆపమనింది. 'ఈమె బైబిలమ్మ కాదురా' అనె. యాలమ్మా, ఆమె గొంతే కదా అంటి. 'గొంతు ఆమెదే. ఊపిరి యాడరా? ఒక్కసారన్నా ఊపిరి తీసుకోలేదే. ఆమెకి ఏందో అయ్యింటాది. ఎవురో ఆమె మాదిరి సేస్తాండారు' అనె. నువ్వు ఊరికే పండుకోమ్మా అంటి. ఇనలే. మీరు సేసే మాదిరి సేతులు జోడిచ్చి కండ్లు మూసుకునె."

అతను ఆవు ముందుకు ఇంకొంచెం గడ్డి తోశాడు.

"'బైబిలమ్మ దేవుడా, నాకు నీతో మాట్లాడేది తెలీదు. ఆ తల్లికి ఊపిరియ్యి' అనె. అంతేనమ్మా. మళ్లా ఏం మాట్లాడలే."

మెడ మీద చెయ్యి పెట్టుకున్నాను. వెచ్చటి గాలి తగిలింది.

అది ఏ రోజు, ఏ వేళ అని నేను అడగలేదు. కుప్పంలో కఫం అడ్డుపడిన ఉదయం, ఆమె చేతులు జోడించిన వేళ ఒకటేనా అని మా సంఘంలో చాలామంది నన్ను అడిగారు. ఒకటే అయితే గొప్ప సాక్ష్యం అవుతుందన్నారు. మునిరాజను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నేను అడగను. ఒకటైతే ఆ బరువు మోయలేను. కాకపోతే ఆమె ప్రార్థన తగ్గిపోదు. ఆమె పక్కన నేను లేను. నా పక్కన ఆమె ఉంది. నాకు తెలిసింది ఇంతే, ఇది చాలు.

షారోన్‌కు చెప్పి ఆ యాప్ తీసేయించాను. ఆ పిల్ల బాధపడింది, తరువాత అర్థం చేసుకుంది. రూతమ్మా నేనూ మునుపటిలాగే ఉన్నాము. కాకపోతే ఇప్పుడు ఆమె తన గొంతుతోనే ప్రార్థన చేస్తుంది. నాకంటే బాగానే చేస్తుంది.

ఆపరేషన్ తరువాతి పరీక్షలన్నీ ఇప్పటి వరకు బాగున్నాయి. సంగటి మింగలేను. పల్చగా అంబలి చేసుకుంటాను. స్టోమా మీద తడి గుడ్డ కట్టుకుంటాను, దుమ్ము తగలకుండా. వారంలో నాలుగు రోజులు మదనపల్లె వార్డుకు వెళ్తాను, యంత్రంతో. కొత్త రోగులు మొదట బెదురుతారు. "మోటారమ్మ వచ్చింది" అని ఒక ముసలాయన నాకు పేరు పెట్టాడు. చేతికి దొరికితే యంత్రం మీట తనే నొక్కి చూస్తాడు. ప్రార్థనలో ఊపిరి బుస్సుమంటే ఇప్పుడు అణుచుకోను. అదీ ప్రార్థనలో భాగమే అనుకుంటాను. ముక్కు ప్రశ్నకు మాత్రం నాకు జవాబు దొరకలేదు. ఆదికాండం చదవాల్సిన రోజు ఆ ముక్కురంధ్రాల మాట దగ్గర ఇప్పటికీ కాస్త ఆగుతాను.

ఆ యాప్‌తో చేసిన ప్రార్థనలు ఫోన్ల నుంచి ఫోన్లకు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని వెనక్కి పిలవలేను. మొన్న పుంగనూరు బస్టాండు నుంచి ఆటో ఎక్కితే డ్రైవరు ఫోన్‌లో నేను ప్రార్థిస్తున్నాను. "ఎంత చక్కగా చేస్తాదో ఈమె, ఎవురో ఏమో" అంది పక్కన కూర్చున్న ఆమె నాతో. నేను మెడ మీది గుడ్డ సరిచేసుకుని బయటికి చూశాను. దిగే వరకు ఆ గొంతు ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు.

ఇలాంటి రోగి మీ ఇంట్లో ఉంటే నేను చెప్పేది ఒక్కటే. ఆ మనిషి పలక మీద రాస్తున్నా, యంత్రంతో మాట్లాడుతున్నా, మధ్యలో ఎంత సేపు ఆగినా, మిగతా మాట మీరు పూర్తి చేయకండి. ప్రేమతోనైనా సరే, చేయకండి. పక్కన కూర్చుని ఆగండి. ఊపిరి తీసుకోనివ్వండి. దేవుడు అంతలో యాడికీ పోడు.